ఎడమకు వాలిన తల

స్టూడియో ఎదురు సందు, మేడ మీది గది
మార్చి మొదటి వారం

గౌరవనీయులైన వదిన గారికి,

మీకు ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక చాలా కాగితాలు చించేశాను. ఇక చించను. కోపం వస్తే కోపమే రాస్తాను, మీరు సర్దుకోండి.

మీ స్టూడియో వాళ్లు మా స్టూడియోకు నోటీసు పంపారు. మీకు తెలియకుండా పంపి ఉండరు. కొత్త యానిమే సిరీస్ కోసం నేను గీసిన చెత్తలారీ రోబో ఉంది కదా, అది మళ్లీ లారీగా మారేటప్పుడు తలను ఛాతీలోకి దించుకునే తీరు మీ రైలింజను రోబోను చూసి కాపీ కొట్టిందట. కాపీ అనే మాట కూడా వాడలేదు లెండి, ఏకంగా దొంగతనం అన్నారు. ఆగస్టులో డిజైనర్ల సంఘం విచారణ. తప్పు నాదని తేలితే చెత్తలారీ చెత్తలోకే పోతుంది, సంఘం నా పేరు కొట్టేస్తుంది. ఆ తర్వాత ఏ స్టూడియోలోనూ నాకు పెన్సిలు చెక్కే పని కూడా ఇవ్వరు.

విచారణ అయ్యేదాకా రెండు స్టూడియోల వాళ్లూ మాట్లాడుకోకూడదని లాయర్లు ఆర్డరు వేశారు. మా మెయిళ్లు చదువుతున్నారు. ఫోను చేస్తే మీకూ ముప్పే. అందుకే ఈ కాగితం.

మీ సిరీస్ చూడలేదని అబద్ధం చెప్పను. కాలేజీలో వారం వారం చూశాను, గీసింది మా వదినేనని క్లాసంతా డప్పు కొట్టాను. రైలింజను మనిషిలా లేచి నిలబడటం, పనయ్యాక మళ్లీ మడుచుకోవడం, ఆఖర్న తల లోపలికి దిగే ముందు ఒక్క క్షణం ఎడమకు వాలడం. అది ఇంతకుముందు ఎవరూ గీయని కదలిక అని మా లెక్చరరు పాఠమే చెప్పాడు. ఇప్పుడు నా చెత్తలారీ తల కూడా ఎడమకే వాలుతుంది. ఒట్టు వదినా, మీది పక్కన పెట్టుకుని గీయలేదు.

కానీ ఒకటి చెప్పాలి, ఇంకెవరికీ చెప్పలేదు. మిగతా ఒళ్లంతా గీయడానికి నానా చావూ చచ్చాను. లారీలో ఉన్న ప్రతి రేకూ రోబోలో కనిపించాలి, కాగితం మీద ముక్కల్ని చడీచప్పుడు లేకుండా చిన్నవి చేసి మోసం చేయకూడదని నా పట్టుదల. చెత్త మింగే వెనక నోరు కాళ్లు కావడానికే ఒక వానాకాలం పోయింది. తల దగ్గరకొచ్చేసరికి మాత్రం చెయ్యి దానంతటదే పోయింది. కొత్తగా కనిపెట్టినట్టు లేదు, గుర్తుతెచ్చుకున్నట్టు ఉంది.

బొమ్మలు చేసే కంపెనీ వాళ్లు మొదట్నుంచీ గోల. తల నేరుగా దించితే ఒక కీలు తగ్గుతుంది కదా, ఈ వాలు దేనికి అని. నమూనా బొమ్మను మొదటిసారికే మూసినవాడు ఇంతవరకు లేడు. మా డైరెక్టరు మెడ విరిచేశాడు, బొమ్మదే. అయినా నేను మొండికేశాను, వాలకపోతే అది మూసుకున్నట్టే ఉండదని పోట్లాడాను. 

ఒక్క మాట సూటిగా చెప్పండి. నేను మీ దగ్గర దొంగిలించానా?

మీ మరదలు

*

కొత్త కాలనీ, లిఫ్టు ఆడని భవనం
మార్చి చివర

పిచ్చుకా,

మీరు, గారు, లెండి! నేనేమన్నా బ్యాంకు మేనేజర్నా? నీకు జడలు వేసిన దాన్ని. తిట్టదలుచుకుంటే నువ్వు అనే తిట్టు, వినడానికి బాగుంటుంది.

నోటీసు నాకు చూపించాకే పంపారు. విచారణలో అసలు డిజైనరుగా నా వాంగ్మూలం ఉంటేనే ఆ ఫిర్యాదు నిలబడుతుంది. ఇస్తావా అని అడిగారు. ఇస్తానన్నాను. నీ దగ్గర దాచి లాభం లేదు.

రూపం మార్చే రోబోల్లో మొత్తం కొత్తదంటూ ఏముందే? మనిషికి తల ఒకటి, కాళ్లూ చేతులూ రెండేసి. బండికి ముక్కు, తోక, చక్రాలు. ముక్కు ఛాతీ అవుతుంది, తోక చీలి కాళ్లవుతుంది, చక్రాలు ఎక్కడో ఒకచోట దాక్కుంటాయి. అందరం ఒకే దుప్పటిని తలా ఒక రకంగా మడుస్తున్నాం. నేనూ నా ముందువాళ్ల దగ్గర తీసుకున్నాను. భుజం తీసుకున్నాను, మోకాలు తీసుకున్నాను, ఎవరూ ఏమీ అనలేదు. నువ్వు నా ఇంజను మోకాలు తీసుకుని ఉంటే నేనే ముసిముసిగా నవ్వుకునేదాన్ని.

కానీ ఆ ఎడమ వాలు పనికొచ్చే కదలిక కాదు. పనికొచ్చేది ఇద్దరికీ తట్టవచ్చు. పరీక్షలో ఇద్దరు పిల్లలు ఒకే సరైన జవాబు రాస్తే ఏ మాస్టారూ అనుమానించడు. ఇద్దరూ ఒకే తప్పు రాస్తే? ఆ వాలు అలాంటిది. దానివల్ల ఏ ముక్కకూ చోటు కలిసిరాదు, ఏ కీలూ తేలికపడదు. నాకు తోచింది, గీశాను. జనానికి నచ్చింది. ఎవరూ గీయనిదని మీ లెక్చరరు పాఠం చెప్పాడని నువ్వే రాశావు. నా దగ్గర ఉన్నది అదొక్కటే పిచ్చుకా, మిగతాదంతా అరువు.

నువ్వు కావాలని చేశావని నేననుకోవడం లేదు. చూశావు, నచ్చింది, లోపల కూర్చుంది, సమయం చూసుకుని బయటికొచ్చింది. సంఘానికి కావాలని చేయడానికీ తెలియక చేయడానికీ తేడా ఉండదు.

మా అమ్మ పోయినప్పుడు నువ్వు రాలేదు. ఇన్నేళ్లకు నీ చేతిరాత చూసి, పలకరింపు అనుకుని కవరు చించాను. పని పడితే గాని గుర్తురాననుకో. ఇక రాయకు, ఇద్దరం ఇరుక్కుంటాం.

వదిన

*

మేడ మీది గది
ఏప్రిల్ మధ్య

వదినా,

రాయకు అన్నావు. రాస్తున్నాను. ఏం చేస్తావో చేసుకో.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు కుమిలిపోయాను. లోపల కూర్చుని బయటికొచ్చింది అన్న మాట పదే పదే చదివాను. నిజమే అయ్యుంటుందనుకున్నాను. రాజీనామా కూడా రాసి సంచిలో పెట్టుకున్నాను.

నిన్న విచారణ కోసం కొన్న ప్యాంటు పొడుగైతే కత్తిరించమని సందు చివరి దర్జీ దగ్గరికి వెళ్లాను. నా పని అయ్యాక ఆయన కొట్టు కట్టేస్తూ కుట్టుమిషను బెల్టు తప్పించి, దాని తలను వెనక్కి పడుకోబెట్టి, బల్లలోపలికి నేరుగా దించాడు. నేను నడిరోడ్డు మీద నిలబడి కేక పెట్టాను వదినా. "అలా కాదు! ఎడమకు వాల్చాలి! ఊడిపోతుంది!"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఏమ్మా, మిషను నీదా నాదా?" అన్నాడు. ప్యాంటు అక్కడే మర్చిపోయి ఇంటికి పరిగెత్తాను.

ఇప్పుడు చెప్పు, నీకూ గుర్తొచ్చిందా? మా ఇంటి ముందు గది. నువ్వు బడి కోసం మా ఇంట్లో ఉన్న రోజులు. నీకు అమ్మమ్మ, నాకు నాయనమ్మ, ఇద్దరికీ ఆవిడ ఒక్కతే. కిటికీ కింద ఆ నల్ల మిషను, చుట్టూ బడిపిల్లల యూనిఫారాల గుట్ట. దాని తలను బల్లకు పట్టి ఉంచే రెండు బందుల్లో ఒకదాని సీల ఎప్పుడో పోయింది. నాయనమ్మ ఆ చిల్లులో ఒక మేకు దూర్చి సరిపెట్టింది. మేకు సన్నం, చిల్లు పెద్దది. నేరుగా దించితే కుడిపక్క ఊడి తల మొత్తం కాలి మీద పడేది. అందుకని ఆవిడ రోజూ పనయ్యాక కొంచెం ఎడమకు వాల్చి, బరువంతా మంచి బందు మీద వేసి, అప్పుడు మెల్లగా దించేది. మనిద్దరికీ నేర్పింది. నువ్వు దించుతుంటే నేను బల్ల కింద దూరి చూసేదాన్ని.

పనికిరాని కదలిక అన్నావు చూడు. నీ ఇంజనుకు పనికిరాదు, నా లారీకీ పనికిరాదు. ఆ మిషనుకు మాత్రం ప్రాణం. ఇద్దరం ఒకే తప్పు జవాబు రాశామంటే ఒకరి పేపరు ఒకరం చూసి కాదు, ఇద్దరికీ ఒకావిడే చెప్పింది కాబట్టి.

దించేటప్పుడు ఆవిడ ఆ మిషనుతో ఒక మాట అనేది, రోజూ అదే మాట. నాకు గుర్తుంది. ఇక్కడ రాయను. రాస్తే నేను చెబితే గుర్తొచ్చిందంటావు. నువ్వే రాయి. ఆ ఒక్క మాట నువ్వు రాస్తే చాలు, నేను దొంగను కానని నాకు తెలుస్తుంది. సంఘం సంగతి తర్వాత.

పిచ్చుక

*

లిఫ్టు ఆడని భవనం
మే నెల

పిచ్చుకా,

బాగా రాశావు. రోబోలు మానేసి కథలు రాసుకో, పైకొస్తావు.

మిషను గుర్తుంది, యూనిఫారాల గుట్ట గుర్తుంది. నువ్వు అందులో నిద్రపోతే దొరక్క ఇల్లంతా వెతికిన రోజు గుర్తుంది. మేకు గుర్తులేదు. వాల్చడం గుర్తులేదు. ఆ మిషను తల నేరుగానే దిగేది. అమ్మమ్మ ఏదో మాట అనేదన్నావు, ఏ మాటా గుర్తులేదు. ఆవిడ పొద్దస్తమానం ఏదో ఒకటి గొణుగుతూనే ఉండేది, అన్నీ మోసుకు తిరగడానికి నేనేమన్నా టేపు రికార్డరునా?

ఇప్పుడు ఆ మిషను ఏ పాత సామాన్ల కొట్లో తుప్పు పడుతోందో ఎవరికి తెలుసు. లేని మిషను మీద కథ అల్లడం తేలిక.

నీ కథ నిజమైతే నా సంగతేమిటో ఒక్కసారి ఆలోచించావా? కొత్తగా పనిలో చేరిన ప్రతి బ్యాచికీ ఆ వాలు ఒక్కో బొమ్మా విడదీసి చూపించి పాఠం చెబుతాను. ఎక్కణ్నుంచి వచ్చింది మేడమ్ అని అడుగుతారు. శూన్యంలోంచి అంటాను. వాళ్లు రాసుకుంటారు. ఇప్పుడు వెళ్లి, శూన్యంలోంచి కాదు నాయనా, సీల ఊడిన మిషనులోంచి అని చెప్పమంటావా? వచ్చే ఏడాది పెద్ద సిరీస్ నా చేతికిస్తున్నారు. ఎందుకిస్తున్నారు? ఎవరూ గీయనిది గీస్తానని. పిల్లప్పుడు ఇంట్లో చూసింది గీస్తానని కాదు.

నీ ఉద్యోగం నీకెంతో నా పేరు నాకంత. ఇద్దరిలో ఒకరికే దక్కేటట్టుంటే నేనేం త్యాగమూర్తిని కాను.

వదిన

*

మేడ మీది గది
జూన్ మొదటి వారం

వదినా,

నాన్నకు ఫోను చేశాను. నాయనమ్మ పోయాక ఆ మిషను అత్తయ్య తీసుకెళ్లిందట, నాన్నే లారీ ఎక్కించాడట. అత్తయ్య ఆఖరిదాకా నీ దగ్గరే ఉంది. అంటే మిషను పాత సామాన్ల కొట్లో లేదు. నీ ఇంట్లో ఉంది!

ఎవరికి తెలుసు అని ఎంత చల్లగా రాశావు! చదివినప్పుడు నమ్మాను కూడా. నా వదిన మాట తిప్పుతుంది, దెప్పుతుంది, మూతి ముడుచుకుంటుంది. అబద్ధం మాత్రం ఆడదనుకునేదాన్ని.

ఇక్కడ నా పరిస్థితి విను. నా బల్లను కిటికీ పక్కనుంచి తీసి స్టోరు రూములో వేశారు. గోడ మీద చెత్తలారీ బొమ్మలన్నీ పీకేశారు, మేకులు మిగిలాయి. మొన్నటిదాకా నా డబ్బాలోంచి అడక్కుండా తిన్న రంగుల విభాగం పిల్ల, మెట్ల మీద ఎదురైతే ఫోను చూసుకుంటూ వెళ్లిపోయింది. డైరెక్టరు మాత్రం పిలిచి, తల నేరుగా దిగేటట్టు మార్చి, తప్పయిందని రాసిచ్చేయమన్నాడు. నోటీసు వెనక్కి తీసుకుంటారట, ఏదో ఒక మూల పని దొరుకుతుందట. ఒక రోజంతా కూర్చుని మార్చి గీశాను వదినా. దిగింది. చక్కగా దిగింది. అందులో నాకు మా ఇల్లు కనపడలేదు. చించేశాను, రాసివ్వనని చెప్పేశాను.

మిషను తెరువు. అంతే అడుగుతున్నాను. తెరిచి, మేకు ఉందో లేదో చూసి రాయి. ఉంటే ఏం చేస్తావో నీ ఇష్టం. నాకు నిజం తెలియాలి.

పిచ్చుక

*

లిఫ్టు ఆడని భవనం
జూన్ చివర

పిచ్చుకా,

అవును, ఇక్కడే ఉంది. బాల్కనీలో. దాని మీద మొక్కల కుండీలు పెట్టుకున్నాను. అమ్మ పోయాక దాన్ని చూడబుద్ధి కాలేదు, పారేయబుద్ధీ కాలేదు. నీకు అబద్ధం రాశాను. ఎందుకంటే నీ ఉత్తరం చదివిన రోజు కుండీల వైపు చూసి నాకు భయమేసింది. చాలా?

ఇవాళ కుండీలన్నీ దించాను. మూత బిగుసుకుపోయి ఉంటే చాకుతో లేపాను. తలను పైకెత్తాను, తర్వాత కిందికి దించాను. నేరుగా దిగింది. టార్చి వేసి చూశాను. మేకు లేదు. రెండు బందులకూ రెండు సీలలు ఉన్నాయి, ఒకే కొలత, ఒకే ఇనుము. ఎక్కడా వదులు లేదు.

నిజం కావాలన్నావు, ఇదీ నిజం. నువ్వు చిన్నపిల్లవి, బల్ల కింద నుంచి ఏం చూశావో ఏం ఊహించుకున్నావో. తర్వాత నా సిరీస్ చూశావు. రెండూ కలిసిపోయాయి. మనసు అలాంటి పనులు చేస్తుంది, నిన్ను తప్పుపట్టను.

వాంగ్మూలం మీద సంతకం చేసి ఇచ్చేశాను. విచారణ రోజు నేనే వచ్చి, అది నాదేనని నోటితో కూడా చెబితే దాని పని అయిపోతుంది. మీ డైరెక్టరు చెప్పినట్టు రాసిచ్చేయవే. ఇంకా సమయముంది. మొండికేసి పేరు పోగొట్టుకోకు.

వదిన

*

స్టోరు రూము
జూలై

వదినా,

ఇదే ఆఖరి ఉత్తరం. గొడవపడే ఓపిక లేదు.

నాన్నను మళ్లీ అడిగాను. మిషను మీ ఇంటికి చేరిన వారానికే అత్తయ్య మెకానిక్కును పిలిచి బాగుచేయించిందట. మా అమ్మ ఇన్నాళ్లూ మేకుతో ఎలా నెట్టుకొచ్చిందిరా అని నాన్నకు ఫోను చేసి ఏడ్చిందట. మెకానిక్కు ఎవరో, ఉన్నాడో లేడో తెలియదు. నాన్న మాట సంఘం వినదు, నా తండ్రి కాబట్టి. అంటే నా దగ్గర రుజువు లేదు. నా తరఫున చెప్పగలిగిన మనిషి ప్రపంచంలో ఒక్కతే ఉంది, ఆవిడ అవతలి బల్ల దగ్గర కూర్చుంటుంది.

మెకానిక్కు సీలలు మార్చాడు. చెక్క మార్చలేదు కదా? తల దిగే గుంత అంచు చూడు, ఎడమవైపు. అన్నేళ్లు అక్కడే రాసుకుంటూ దిగింది. ఇంకొకటి. ఎవరూ లేనప్పుడు, దేని గురించీ ఆలోచించకుండా, ఊరికే ఒకసారి మూసి చూడు. కళ్లు మిషను మీద కాదు, నీ చేతి మీద పెట్టు.

అత్తయ్య పోయినప్పుడు రాలేదన్నావు. వచ్చాను. బస్సు దిగి వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆరు అంతస్తులూ ఎక్కి నీ గుమ్మం దాకా వచ్చాను. లోపల నువ్వు ఏడుస్తున్నావు, నేను అంతకుముందెప్పుడూ నీ ఏడుపు వినలేదు. ఆలస్యంగా వచ్చిన మొహం ఎలా చూపించాలో తెలియక మెట్లు దిగిపోయాను. తలుపు కొట్టాల్సింది. అది నా తప్పే. కదలిక మాత్రం నేను దొంగిలించలేదు.

విచారణలో కనపడతాం. మాట్లాడకూడదట, పలకరింపుగా తల కూడా ఊపకూడదట. నేను ఊపను, నీకు ఇబ్బంది కలగనివ్వను.

పిచ్చుక

*

మేడ మీది గది
ఆగస్టు చివర

వదినా,

నువ్వు అక్కడే ఉన్నావు, నీకు తెలియనిదేమీ లేదు. అయినా నా కుర్చీలోంచి ఎలా కనపడిందో రాయాలి.

నువ్వు లోపలికి వచ్చినప్పుడు నేను చేతులు చూసుకుంటూ కూర్చున్నాను. మీ లాయరు నీ వాంగ్మూలం చదువుతుంటే ఒక్కో మాటా చెంప మీద పడ్డట్టుంది. సంఘం అధ్యక్షుడు నిన్ను లేపి, ఇది మీరు చెప్పిందేనా అని అడిగాడు. నువ్వు, కొంచెం ఆగండి, సామాను ఇంకా మెట్ల మీదే ఉంది అన్నావు. అందరూ మొహమొహాలు చూసుకున్నారు. అప్పుడు వినపడింది, మెట్ల మీద ఇనుము ఈడుస్తున్న చప్పుడు. ఇద్దరు కూలీలు చెమటలు కక్కుతూ ఆ మిషనును లోపలికి మోసుకొచ్చారు. ఒకాయన దించుతూ, "మీ ఇంట్లో లిఫ్టు ఆడదు, ఇక్కడా ఆడదు, ఏం జాతకమమ్మా మాది!" అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మీ లాయరు అభ్యంతరం అంటూనే ఉన్నాడు. నువ్వు మూత తెరిచావు. చెక్క అంచు చూపించావు, ఎడమవైపు నున్నగా తొలిచినట్టు అరిగిపోయింది. అధ్యక్షుడు కళ్లద్దాలు పైకి జరిపి వేలితో తడిమాడు. అరిగితే ఏమైంది, ఏదో రాసుకుని ఉంటుంది అన్నాడు. అప్పుడు నువ్వు మిషను తల పట్టుకున్నావు. సీలలు బాగున్నాయి, నేరుగా దిగుతుంది, వాల్చాల్సిన పనే లేదు. నీ చెయ్యి ఎడమకు వాలింది. వాలి ఒక్క క్షణం ఆగింది. గది మొత్తం నీ రైలింజనును చూస్తోంది, నేను నాయనమ్మను చూస్తున్నాను.

దించుతూ అన్నావు కదా, ఆ గంభీరమైన గదిలో, అంతమంది ముందు.

"పడుకోవే ముసలిదానా. రేపు మళ్లీ చంపుకుతింటాను."

నాతో మాట్లాడకూడదన్నారు కాబట్టి మిషనుతో మాట్లాడావు. నేను తల ఊపనని రాశాను కదూ. ఆపుకోలేకపోయాను.

అధ్యక్షుడు అయోమయంగా, "అయితే ఈ కదలిక మీ ఇద్దరిలో ఎవరిదమ్మా?" అన్నాడు. "మేకు దూర్చినావిడది," అన్నావు. సంతకం చేసిన కాగితం వెనక్కి తీసుకున్నావు.

నా బల్ల మళ్లీ కిటికీ పక్కకొచ్చింది. రంగుల విభాగం పిల్ల నా డబ్బా తెరిచి అడక్కుండా తినేసింది. కానీ మీ స్టూడియో నీ చేతిలోంచి కొత్త సిరీస్ తీసేసిందని విన్నాను. నిజమేనా? నా వల్ల ఇదైతే నేను ఏం చేయాలి వదినా? ఏదైనా చెప్పు, చేస్తాను.

నమూనా బొమ్మ ఒకటి పార్సిలులో పంపుతున్నాను. లోపల సూచనల కాగితం ఉంది, చూడకుండా ముట్టుకోకు. ఇప్పటికే చాలా మెడలు విరిగాయి.

పిచ్చుక

*

లిఫ్టు ఆడని భవనం
సెప్టెంబరు

పిచ్చుకా,

నిజమే, తీసేశారు. ఎవరూ గీయనిది గీసే మనిషి కావాలట వాళ్లకు. వెతుక్కోనీ. నేను కొత్త బ్యాచికి పాఠం చెప్పుకుంటున్నాను. నిన్న ఒక పిల్లాడు, ఆ వాలు ఎక్కణ్నుంచి వచ్చింది మేడమ్ అని అడిగాడు. మా అమ్మమ్మకు సీల దొరకలేదు అన్నాను. వాళ్లకు ఏమీ అర్థం కాక నవ్వారు. నాకు దుఃఖం వచ్చింది, అక్కడే కూర్చుని ఏడ్చాను. ఇదేం మేడమో అనుకుని ఉంటారు.

నువ్వు ఏమీ చేయక్కర్లేదు. నీ వల్ల పోలేదు. నా చేతి వల్ల పోయింది.

జూలైలో నీ ఉత్తరం చదివాక వారం రోజులు ఆ బాల్కనీ వైపు వెళ్లలేదు. మొక్కలు ఎండిపోయాయి. తర్వాత ఒకరోజు వాటికి నీళ్లు పోయడానికి వెళ్లి, జూన్‌లో తెరిచిన మిషను అలాగే ఉండి దుమ్ము పడుతోందని మూశాను. అంతే, మూయాలని మూశాను. చెయ్యి ఎడమకు పోయింది. మళ్లీ తెరిచాను, ఈసారి పట్టుబట్టి నేరుగా దించాను. దిగింది గానీ కాలు వెనక్కి లాక్కున్నాను, ఇప్పుడు ఊడి దాని మీద పడుతుందేమోనని. సీలలు బాగున్నాయని కళ్లకు తెలుసు, చేతికి తెలియదు. అక్కడే కూలబడ్డాను. ఇన్నేళ్లూ నాది అని గుండెలకు హత్తుకున్నది నాది కాదు. ఎంత అవమానంగా అనిపించిందంటే, ఆ మిషను ముక్కలు చేసి అమ్మేద్దామా అని కూడా అనుకున్నాను. తర్వాత అంచు మీద వేలు పెట్టాను. నా వేలు సరిగ్గా సరిపోయింది, ఎందుకంటే దించేటప్పుడు ఆవిడా వేలు అక్కడే పెట్టేది.

మాట గుర్తులేదని రాశాను చూడు, అది మాత్రం అబద్ధం కాదు. ఆ గదిలో నోరు తెరిచేదాకా నాకూ తెలియదు. నువ్వు తల ఊపితే గానీ అదే మాటని నమ్మకం కలగలేదు.

అమ్మ పోయిన రోజు తలుపు దగ్గర చెప్పుల చప్పుడు విన్నాను. నువ్వేననుకున్నాను. లేచి తీయాల్సింది. ఇకనుంచి వచ్చినప్పుడు కొట్టు, నేను తీయకపోతే గట్టిగా కొట్టు.

నీ పార్సిలు అందింది. చెత్తలారీ ముద్దొస్తోంది, వెనక నోరు కాళ్లయ్యే చోట నువ్వు పడ్డ చావంతా కనిపిస్తోంది, ఒక్క రేకు కూడా మాయం కాలేదు. సూచనల కాగితం విప్పలేదు. బొమ్మను ఒళ్లో పెట్టుకుని, కిటికీలోంచి కుండీల్లో వచ్చిన కొత్త చిగుళ్లు చూస్తూ మూశాను.

మొదటిసారికే మూసుకుంది.

వదిన